వేరే ప్లేటు

"భయ్యా, నాకు వేరే ప్లేటు తే."

ఈ మాట అన్నది మా ఊరి దొర కాదు. అన్నది గడీ ముందట కాదు. హైదరాబాదులో ఒక మండి హోటల్లో, కింద పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ నలుగురం కూసున్నంక, నా మోకాలికి మోకాలు ఆనించి కూసున్న తోటి ఉద్యోగి అన్న మాట.

అంతకు మూడు నెలల ముందు అదే హోటల్లో, అదే నలుగురం, ఒకే తలెలో తిన్నం. అప్పుడు అతనే బొక్క కొట్టి మూలుగ తీసి నా వైపు నెట్టిండు. "తినన్నా, అసలు మజా ఇందులోనే ఉంది" అన్నడు. అప్పటికి నా కులం అతనికి తెలవదు. నా పేరుకు తోక లేదు. మధ్యలో ఆఫీసులో ప్రమోషన్ల లిస్టు అతికించిండ్రు. నా పేరు పక్కన 'ఎస్సీ' అని రెండక్షరాలు ఉన్నయి. ఆ రెండక్షరాలే అతని చేతికీ నా చేతికీ మధ్య గోడ కట్టినయి. "అదేంది, వేరే ప్లేటెందుకు?" అని ఇంకో మిత్రుడు అడిగితే "హైజీన్ బాస్" అన్నడు. మూడు నెలల కింద లేని హైజీను!

నేనేం చేసిన? ఏమీ చెయ్యలే. తల దించుకొని తిన్న. బిల్లు నాలుగు భాగాలు చేస్తే నా భాగం కట్టి వచ్చిన. ఆనాడు నోరు మూసుకున్నందుకే ఇయ్యాల రాస్తున్న.

మా అయ్య చెప్పులు కుట్టెటోడు. ఊళ్లె చాయ్ హోటల్ల మా గిలాస చూరుకు చెక్కి ఉండేది. తాగి, మేమే కడిగి, మళ్ల చూరుకే చెక్కాలె. దొరోళ్లింట్ల పెండ్లయితే దడి అవుతల ఇస్తరాకులు పట్టుకొని కూసునేది. అందరు తిన్నంక మిగిలింది పైనుంచి ఎత్తేసెటోళ్లు. మా అవ్వ అది కొంగుల మూట కట్టి ఇంటికి తెచ్చేది. ఇంట్ల మాత్రం లెక్క వేరే. పెద్దకూర వండిన నాడు అవ్వ పెద్ద తలెల గటుక పోసి, మీద కూర పోస్తే, ఐదుగురం పిల్లలం ఒకేసారి చేతులు పెట్టేది. పెద్ద తునక దొరికినోడు చిన్నోనికి తెంపి పెట్టాలె. అది అవ్వ పెట్టిన చట్టం. ఒక్క తలెల తినుడు మాకు ఫ్యాషన్ కాదు. ఇంకో తలె లేక నేర్చుకున్న బతుకు.

అందుకే మొదటిసారి బార్కాస్‌లో మండి తిన్ననాడు నాకు మా ఇల్లు యాదికొచ్చింది. మండి పుట్టింది యెమెన్‌లో, హద్రమౌత్‌ల. భూమిలో గుంత తవ్వి, లోపల మట్టి మెత్తి, కట్టెల నిప్పులు చేస్తరు. అడుగున బియ్యం గిన్నె, దానిపైన లేత గొర్రె మాంసమో మేక మాంసమో పెట్టి మూత వేసి మూసేస్తరు. మాంసం మగ్గి, కారిన కొవ్వూ రసమూ చుక్క చుక్కగా బియ్యంలోకి దిగుతయి. బిర్యానీలాగ మసాలా మీద మసాలా ఉండదు. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, యాలకులు, పసుపు కలిపిన పొడి, అంతే. కారం కావాలంటే పక్కన టమాట, మిరపకాయ నూరిన ఎర్రచట్నీ. అందరికీ కలిపి ఒక్కటే పెద్ద తలె.

హద్రమౌత్ అరబ్బులు నిజాం ఫౌజుల కొలువు చెయ్యడానికి వచ్చిండ్రు. వాళ్లున్న బ్యారక్సే నోరు తిరిగి బార్కాస్ అయింది. వాళ్లంతా పేదసాదలేం కాదు. ఇక్కడ జమేదారు చేసిన అల్ ఖుఐతీ కుటుంబం, ఇక్కడి సంపాదనతోనే అక్కడ ముకల్లాలో రాజ్యం స్థాపించి, 1967 దాకా ఏలింది. వడ్డీ వ్యాపారాలు చేసినోళ్లూ, బాకీల వసూళ్లకు బరిసెలు పట్టినోళ్లూ వాళ్లల్లో ఉన్నరు. 1948లో నిజాం రాజ్యం పోయింది, ఫౌజు పోయింది. మిగిలినోళ్ల బిడ్డలు లుంగీలు కట్టి, జామపండ్లు అమ్మి, గల్ఫుకు పోయి బతికిండ్రు. ఈ చరిత్ర చెప్పకుండ మండి రుచి ఒక్కటే చెప్పెటోళ్లను నమ్మకండి.

ఇప్పుడు మండి బార్కాస్ దాటింది. జిల్లా కేంద్రాల్లో గూడ బోర్డులు వెలిసినయి. దాంతోపాటు ఒక కొత్త వేదాంతం గూడ వెలిసింది. "చూడండి, అందరూ ఒకే పళ్లెంలో తింటున్నరు. ఇంకా కులమెక్కడుంది? మీరే పట్టుకొని వేలాడుతున్నరు" అంటున్నరు అగ్రకుల మేధావులు. అయ్యా, మీకు ఒక్కటే ప్రశ్న. ఆ పళ్లెం చుట్టూ కూసున్నోళ్ల కులం అందరికీ తెలిసినంక గూడ అది ఒక్క పళ్లెంగనే ఉంటదా? నాది మూడు నెలల్లో రెండు పళ్లేలయింది.

అసలు ఆ వంట పుట్టిన గడ్డ మీదనే సంగతి ఏందో చూడండి. యెమెన్‌లో 'అఖ్దామ్' అని పిలిచే జనం ఉన్నరు. ఆ మాటకు నౌకర్లని అర్థం. అది తిట్టు. వాళ్లు తమను తాము 'ముహమ్మషీన్' అనుకుంటరు, అంటే అంచుకు నెట్టబడ్డోళ్లని. వాళ్లదీ అరబ్బీ భాషే, వాళ్లదీ ఇస్లామే. నమాజు ఒక్కటే. అయినా ఊరి అంచున రేకుల గుడిసెలు వాళ్లవి. సనా వీధులూడ్చేది వాళ్లు. పిల్లనియ్యరు, పిల్లను చేసుకోరు. కుక్క ముట్టిన కంచాన్ని కడగాలె, అఖ్దామ్ ముట్టిన కంచాన్ని పగలగొట్టాలె అని అక్కడొక సామెత ఉన్నది. ఇది చదివిననాడు నాకు అన్నం దిగలే. అది మా చూరు గిలాసనే! యుద్ధంల ఇండ్లొదిలి పారిపోయిన కాడ గూడ, సాయం పంచే కాడ వాళ్లు వెనకనే నిలబడవలసి వచ్చింది.

హద్రమౌత్‌ల గూడ మీద సయ్యదులు, తర్వాత షేకులు, తెగలోళ్లు, అట్టడుగున చేతిపనులోళ్లు, కూలోళ్లు. సయ్యదుల పిల్లను కిందోళ్లకిచ్చుడు లేదు. బార్కాస్‌లో జామపండ్ల బండి కాడ ఒక ముసలాయనను ఈ సంగతి అడిగిన. నవ్వి అన్నడు: "తినేకాడ అందరం ఒకటే బేటా. పిల్లనిచ్చేకాడ ఖాన్‌దాన్ అడుగుతరు."

ఈ ముసలాయన చెప్పినదాన్నే బాబాసాహెబ్ 1936లో చెప్పిండు. లాహోరు జాత్-పాత్-తోడక్ మండల్ సభ కోసం రాసి, వాళ్లు సభనే రద్దు చేస్తే తానే అచ్చేసుకున్న 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పిండు. సహపంక్తి భోజనాలతోని కులం చావదు, కులాంతర పెండ్లిండ్లు కావాలె, వాటికి అడ్డం నిలబడ్డ శాస్త్రాల మీద నమ్మకం పోవాలె అన్నడు. కలిసి తినే కులాలున్నయి. కలిసి తిన్నంత మాత్రాన అవి కులాలు కాకుండ పోలేదు.

ఇప్పుడు మనోళ్లతో ఒక మాట. విద్యార్థి మిత్రులారా, 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ చేస్తే దాడులు జరిగినయి. ఆ పోరాటం తప్పని నేననను. మా అవ్వ వండిన కూరకు మర్యాద అడిగిన పోరాటం అది. కాని మనలో కొందరికి తిండే విప్లవమైపోయింది. సెమినారు అయినంక మండి హోటల్‌కు పోయి, ఒక తలె చుట్టూ ఫోటో దిగి, "కులాన్ని బద్దలు కొట్టినం" అనుకుంటే సరిపోదు. మాదిగోడు మాలింట్ల, మాలోడు మాదిగింట్ల, ఇద్దరూ డక్కలోళ్ల ఇంట్ల తిన్నరా? పిల్లనిచ్చిండ్రా? నన్ను గూడ అడగండి. మా చిన్నప్పుడు డక్కలాయన అడుక్కోవడానికి వస్తే మేము గూడ దూరం నుంచే పెట్టినం. ఆ సిగ్గు నాది. దాన్ని దాచి పక్కోని పళ్లెం గురించి మాట్లాడే హక్కు నాకు లేదు.

ఆ రోజు నేను హోటల్ వెనక చేతులు కడుక్కోవడానికి పోయిన. ఒకామె నీళ్ల పంపు కాడ కూసోని తలెలు కడుగుతున్నది. మేము ముగ్గురం తిన్న పెద్ద తలె, అతను తిన్న వేరే ప్లేటు రెండూ ఒక్క బకెట్లనే మునిగినయి. "ఏ ఊరమ్మా?" అని అడిగిన. మా జిల్లానే. మా వాడనే అన్నట్టు. ఆమె చేయి తగలని ప్లేటు ఆ హోటల్లో ఒక్కటి గూడ లేదు. అతను అడిగిన వేరే ప్లేటుతో సహా.

ఈసారి ఎవడన్న నా పక్కన కూసోని వేరే ప్లేటు అడిగితే తల దించను. ఎందుకని అడుగుత, నలుగురి ముందట అడుగుత. జవాబు వచ్చేదాకా ఎవ్వరి చెయ్యీ అన్నంల పడనియ్య.