సుడి దెయ్యం కాదు, పాఠం

మెస్‌లో సాంబారు గుండిగ ముందు నిలబడ్డ ప్రతివాడూ అనే మాట ఒకటే: "అడుగు నుంచి వెయ్యన్నా!" గరిటెతో గుండ్రంగా కలిపి వదిలేస్తే పప్పు, ముక్కలు అంచులకు పోవు. అడుగున నడుమకు చేరతాయి. గుండ్రంగా తిరిగేది బయటికి నెట్టుకుపోతుందని అపకేంద్ర బలం పాఠంలో చదివాం. మరి పప్పు లోపలికెందుకు వస్తోంది?

తిరిగే నీరు అంచు వైపు నెట్టుకుపోయి అక్కడ మట్టం కాస్త పెరుగుతుంది. ఆ పీడనం నీటిని తిరిగి లోపలికి తోస్తుంది. పైన ఈ రెండూ సరిసమానం. అడుగున గిన్నెను రాసుకునే నీరు మాత్రం నెమ్మదిస్తుంది. బయటికి నెట్టే బలం తగ్గి, పీడనమే గెలుస్తుంది. పప్పును నడుమకు ఈడ్చేది ఆ అడుగు నీరే. 1926లో ఐన్‌స్టీన్ గ్లాసులోని తేయాకుతో ఇదే వివరించి, నదుల మెలికలకూ ఇదే కారణమన్నారు.

ఇక మన నాగులేరుకు, పొందుగల దగ్గర కృష్ణ ఒడ్డుకు రండి. మలుపులో పైనీరు బయటి ఒడ్డును కొట్టి కిందికి దిగుతుంది. అడుగు నీరు ఇసుకను లోపలి ఒడ్డుకు చేరుస్తుంది. అందుకే ఒకవైపు ఇసుక మేట, మరోవైపు లోతు మడుగు. మనం స్నానానికి దిగేది ఇసుక వైపే. మోకాలి లోతే కదా అని నాలుగడుగులు వేస్తే కాలికింద నేల ఉండదు. పైనీరు మడుగు వైపే లాగుతుంది.

ప్రవాహం నిలకడ తప్పడానికీ లెక్క ఉంది. 1923లో జి.ఐ. టేలర్ ఒక గొట్టంలో మరో గొట్టం పెట్టి, నడుమ నీరు నింపి, లోపలిదాన్ని తిప్పారు. ఒక వేగం దాటగానే నీరు గాజుల దొంతరలా సుళ్లుగా విడిపోయింది. ఆ వేగం ఎంతో ఆయన లెక్కగట్టి చూపారు. ఏరు గొట్టం కాదు. అయినా వేగం మారితే నీటి తీరే మారుతుందన్నది నిజం. నిన్న ఈదిన చోటే కదా అని ఇవాళ ధీమాగా దిగరాదు.

కిందటేడు సెలవు రోజున మాలో ఒకడు ఇలాగే దిగి మునిగాడు. బట్టలుతుకుతున్న ఒక పెద్దమ్మ చీర విసిరితే పట్టుకుని బయటపడ్డాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. పిల్లవాడు పోతే "గంగమ్మ లాక్కుపోయింది" అంటారు. ఆ మాటతో ఎవరి తప్పూ లేకుండా పోతుంది. మిరపకోతలకు పోయి మమ్మల్ని చదివిస్తున్న అమ్మానాన్నలకు అది సమాధానం కాదు.

మేము కోరేది మూడే. అపకేంద్ర బలం పాఠం చెప్పిన రోజే ఏటి మలుపు సంగతీ చెప్పాలి. ప్రతి హాస్టల్లో పెద్దల సమక్షంలో ఈత నేర్పాలి. ప్రతి మలుపు దగ్గర "ఇటు ఇసుక, అటు మడుగు" అని బోర్డు పెట్టాలి.

తమ్ముళ్లూ, నీటిలో చిక్కితే ఎదురీదకండి. వెల్లకిలా తేలుతూ ఏటవాలుగా ఇసుక ఒడ్డు వైపు రండి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకండి. తాడో, చీరో, ఖాళీ డబ్బానో విసరండి.

వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థి అన్నలకు ఒక మనవి. ఏటా నోటు పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఒక పొడవాటి తాడు, ఈత నేర్పే మనిషిని కూడా ఇవ్వండి.