కంది రైతు కలిసి అమ్మాలి

కంది చేతికొచ్చే కాలానికి నారాయణఖేడ్ రైతు ముందు రెండు దారులుంటాయి. ఊరి పంటంతా ఒకచోట పోగేసి సంఘం పేరు మీద ఒక్క బేరంతో అమ్మడం ఒకటి. ఎవరి బస్తాలు వాళ్లు తమకు నచ్చిన చోట, నచ్చిన రోజున అమ్ముకోవడం మరొకటి. ఏది మేలన్న చర్చ రైతుల్లో పాతదే. ‘నా పంట, నా ఇష్టం’ అన్న మాటకు ఉండే పౌరుషం ముందు ‘కలిసి అమ్ముదాం’ అన్న మాట ప్రతిసారీ చప్పబడిపోతోంది. అయినా కలిసి అమ్మడమే సరైన దారి అని ఈ పత్రిక అభిప్రాయం. అది సర్కారు హుకుంతో జరగకూడదు. రైతులు తమంతట తాము రాసుకుని, తాము కట్టుబడే ఒప్పందంతో జరగాలి. చిన్న కమతాల మెట్ట రైతుకు అమ్మకంలో నిజమైన స్వేచ్ఛ దొరికే మార్గం ఇంతకన్నా మరొకటి కనిపించడం లేదు.

విడిగా అమ్ముకుంటామనే వారి వాదనను కొట్టిపారేయలేం. నారాయణఖేడ్ మూడు రాష్ట్రాల సరిహద్దులకు దగ్గరున్న నేల. ఒకవైపు బీదర్, ఆ పైన కందికి పేరుపడ్డ కలబురగి మార్కెట్, మరోవైపు మహారాష్ట్రలోని దెగ్లూరు, ఇటు జహీరాబాద్, తాండూరు. ఎక్కడ నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే అక్కడికి బండి తోలే వీలున్నప్పుడు సంఘానికి కట్టుబడి కూర్చోవడం ఎందుకని రైతు అడగడంలో తప్పులేదు. కానీ ఆ వీలు ఎవరికుంది? సొంత ట్రాక్టరు, ఇంట్లో నిల్వకు చోటు, నాలుగు నెలలు ఆగినా గడిచే స్తోమత ఉన్నవారికే. మూడెకరాల రైతు విత్తనం, ఎరువు, పురుగుమందు ఉద్దెరకు తెచ్చిన చోటే పంట అమ్మాలి. జనవరిలో కల్లం నుంచే బస్తాలు కదులుతాయి. కాంటా వ్యాపారిది, తేమ ఎంతో చెప్పేది వ్యాపారి, తరుగు తీసేది వ్యాపారి, బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టేది కూడా వ్యాపారే. ఈ అమ్మకాన్ని స్వేచ్ఛ అనడం రైతును మోసపుచ్చడమే.

గత కొన్నేళ్ల ధరలే ఇందుకు రుజువు. 2024 ఆరంభంలో, కొత్త పంట వచ్చే వేళకు, క్వింటాలు కంది దేశంలోని ప్రధాన మార్కెట్లలో తొమ్మిది, పది వేల రూపాయలు పలికింది. జూన్ నాటికి చాలాచోట్ల పన్నెండు వేల దరికి చేరింది. ఆ పెరిగిన ధర ఎవరి ఇంటికి పోయింది? ఆ నెల 21న కేంద్రం కంది, శనగ నిల్వలపై పరిమితులు విధించింది. టోకు వ్యాపారులు, చిల్లర దుకాణాలు, పప్పు మిల్లులు, దిగుమతిదారుల నిల్వలకే ఆ ఉత్తర్వులు వర్తించాయి. సరుకు అప్పటికే వాళ్ల గిడ్డంగుల్లో ఉంది. రైతు ఇంట్లో పరిమితి పెట్టదగ్గ నిల్వ లేదు. మరుసటి ఏడాది కథ తిరగబడింది. 2025 ఆరంభంలో పంట మార్కెట్లకు చేరేసరికి ధర మద్దతు ధర అయిన 7,550 రూపాయల కంటే కిందికి దిగింది. ధర పెరిగిన ఏడాది లాభం నిల్వ చేసినవాడిది, పడిన ఏడాది నష్టం నిల్వ చేయలేనివాడిది. రెండేళ్లలోనూ రైతుకు లేనిది ఒక్కటే, ఆగగల శక్తి. ఆ శక్తిని పది బస్తాల రైతు ఒంటరిగా సంపాదించలేడు. ఐదు వందల మంది రైతులు ఒక గోదాము, ఒక బ్యాంకు రుణం, ఒక కాంటా కింద చేరితే సంపాదించగలరు.

మద్దతు ధరకు కొనే కేంద్రాలు ఉన్నాయి కదా, మళ్లీ సంఘం ఎందుకనే ప్రశ్న వస్తుంది. 2025-26 సీజన్‌కు కేంద్రం కందికి 8,000 రూపాయలు ప్రకటించింది. మద్దతు ధర ఉండాల్సిందే, కొనుగోళ్లు పెరగాల్సిందే. కానీ ఆ కేంద్రాల్లో జరిగేది ఏమిటో గుర్తించాలి. ప్రాథమిక సహకార సంఘం అక్కడ మార్క్‌ఫెడ్‌కు, నాఫెడ్‌కు కమీషన్ మీద కొని పెట్టే ఏజెంటు. రైతు తరఫున అమ్మిపెట్టే సంస్థ కాదు. బోర్డు మీద సంఘం పేరున్నా బేరంలో రైతు పక్షాన కూర్చున్నది ఎవరూ లేరు. కేంద్రం ఎప్పుడు తెరవాలి, ఎంత కొనాలి, సంచులు ఎప్పుడు రావాలి, డబ్బు ఎప్పుడు పడాలి అన్నవన్నీ పైనుంచి తేలతాయి. పంట నమోదులో పేరు లేకపోతే కౌలు రైతుకు ఆ గుమ్మం తెరుచుకోదు. సరిహద్దు దాటితే మేలన్న ఆశ కూడా ఇక్కడ పనిచేయదు. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం మద్దతు ధరపై క్వింటాలుకు 450 రూపాయలు అదనంగా ఇస్తామన్నది తన రైతులకే. ఇక్కడి కంది బీదర్ చేరినా అక్కడి ప్రైవేటు ధరకే అమ్ముడవుతుంది.

కలిసి అమ్మడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది నిర్బంధం. ఆ భయానికి కారణం ఉంది. పక్కనున్న మహారాష్ట్రలో 1972 నుంచి మూడు దశాబ్దాల పాటు పత్తి గుత్తాధిపత్య సేకరణ నడిచింది. రైతు పండించిన పత్తి ప్రభుత్వ వ్యవస్థకే అమ్మాలి, రాష్ట్రం దాటించకూడదు. బయట ధర ఎక్కువున్న ఏళ్లలో పత్తి దొంగచాటుగా పొరుగు రాష్ట్రాలకు పోయింది. బయట ధర పడిపోయిన ఏళ్లలో సరుకు మొత్తం ప్రభుత్వం నెత్తిన పడింది. నష్టాలు పేరుకుపోయి చివరికి పథకం కూలింది. శరద్ జోషీ నాయకత్వంలోని షేత్కరీ సంఘటన అనే రైతు సంస్థ, రైతుకు ఎక్కడైనా అమ్ముకునే హక్కు కావాలని పట్టుబట్టడం అలాంటి ఆంక్షల అనుభవం నుంచి వచ్చిందే. మన రాష్ట్రంలో 2020 వానాకాలంలో నియంత్రిత సాగు పేరిట మొక్కజొన్న వద్దని, కంది పెంచమని ప్రభుత్వం చెప్పింది. ఆ డిసెంబరులోనే, కొనుగోళ్లలో 7,500 కోట్ల దాకా నష్టం వచ్చిందని, ప్రభుత్వం వ్యాపార సంస్థ కాదని, రైతులు తమకు నచ్చిన పంట వేసుకోవచ్చని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. పైనుంచి రుద్దిన ఉమ్మడితనం పైనుంచే రద్దవుతుంది. మధ్యలో రైతు అభిప్రాయం ఎవరికీ పట్టదు. ఇవన్నీ నిర్బంధానికి వ్యతిరేకంగా బలమైన సాక్ష్యాలు. రైతులే నడిపే ఉమ్మడి అమ్మకానికి మాత్రం ఇవి వ్యతిరేకం కావు. మహారాష్ట్రలో గాని, ఇక్కడ గాని నిర్ణయం రైతుల చేతిలో లేదు.

కెనడా గోధుమ బోర్డు చరిత్ర ఈ తేడాను ఇంకా స్పష్టం చేస్తుంది. 1935లో పుట్టిన ఆ బోర్డు ద్వారానే పశ్చిమ కెనడా రైతులు గోధుమ అమ్మాలని 1943లో నిబంధన వచ్చింది. అందరి పంటా ఒక ఖాతాలో కలిపి, ముందు కొంత సొమ్ము ఇచ్చి, అమ్మకాలు ముగిశాక మిగతాది పంచే పద్ధతి అది. సరిహద్దు అవతల అమెరికాలో మంచి ధర కనిపించిన రైతులు ధిక్కరించి ధాన్యం తీసుకెళ్లారు. కొందరు 2002లో జైలుకూ వెళ్లారు. సొంత పంట అమ్ముకున్నందుకు రైతును జైల్లో పెట్టే చట్టానికి నైతిక బలం ఉండదు, ఆ బోర్డుపై వ్యతిరేకతకు అది ఊపిరి పోసింది. అయితే 2011లో బోర్డు నిర్వహించిన అభిప్రాయ సేకరణలో ఓటేసిన గోధుమ రైతుల్లో 62 శాతం మంది ఉమ్మడి అమ్మకమే కావాలన్నారు. ప్రభుత్వం ఆ తీర్పును పక్కనపెట్టి 2012 ఆగస్టులో ఆ వ్యవస్థను రద్దు చేసింది. 2015లో బోర్డులో మెజారిటీ వాటా బంగీ సంస్థ, సౌదీ పెట్టుబడి కలిసిన కంపెనీకి చేరింది. రైతులను బలవంతంగా కట్టిపడేయడం మొదటి తప్పు. కలిసి ఉంటామన్న మెజారిటీ నోరు నొక్కడం రెండో తప్పు. రెంటినీ చేసింది ప్రభుత్వాలే. నియంత్రణ తీసేస్తే చాలు, పోటీ వచ్చి రైతుకు ధర దక్కుతుందన్న నమ్మకాన్ని బిహార్ ఎప్పుడో పరీక్షించింది. 2006లో అక్కడ మార్కెట్ కమిటీల చట్టం రద్దయింది. ఆ తర్వాత అక్కడి ధాన్యం మద్దతు ధర కన్నా తక్కువకు అమ్ముడై పంజాబ్ మండీలకు లారీల్లో తరలిందన్న వార్తలు దేశమంతా చదివింది.

దూరం పోనక్కర్లేదు, దారి మన నేల మీదే ఉంది. 1956లో విశ్వనాథరెడ్డి చొరవతో ముల్కనూరులో పుట్టిన సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఏడు దశాబ్దాలుగా నిలబడింది. అప్పు, ఎరువులు, విత్తనం, అమ్మకం అన్నీ ఒకే సంఘంలో ముడిపడ్డాయి. అప్పిచ్చినవాడే పంట కొనే బంధం నుంచి రైతును విడదీయడానికి ముల్కనూరు చూపిన ఉపాయం, ఆ రెండు పనులూ రైతు సొంత సంస్థే చేయడం. నారాయణఖేడ్‌కు ఇంకా దగ్గరగా, జహీరాబాద్ పల్లెల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్నలను ఊళ్లోనే సేకరించి, నిల్వ చేసి, ఊళ్లోని పేదలకే అందించి చూపాయి. చదువు, భూమి, హోదా ఏవీ పెద్దగా లేని మహిళలు నడిపిన గింజల లెక్కలవి. మనవాళ్లకు చేతకాదనే వారికి ఇదే జవాబు.

అందుకే ఒప్పందం ఎలా ఉండాలో కూడా చెప్పాలి. సభ్యుడు పంటలో సగం సంఘానికి ఇస్తానని విత్తనాలు తీసుకునే జూన్‌లోనే సంతకం చేయాలి. మిగతా సగం అతనిష్టం, బీదర్ తీసుకుపోయినా అభ్యంతరం ఉండకూడదు. కానీ ఇస్తానన్న సగం ఇవ్వకపోతే జరిమానా కట్టాలి, మరుసటి ఏడాది సంఘం అప్పు దొరకకూడదు. ఈ షరతు కఠినమన్న ఆక్షేపణ వస్తుంది. బయట ధర పెరిగిన రోజున సభ్యులు జారిపోతే సంఘం మిల్లుకు ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు, ఆ తర్వాత ఎవరూ దానితో బేరానికి రారు. ఇష్టపడి చేరినవాడు ఆ సీజన్‌కు కట్టుబడితేనే సంఘం. నాణ్యంగా పండించినవాడికి అన్యాయం జరుగుతుందన్న అనుమానానికి పరిష్కారం గ్రేడింగు. శుభ్రం చేసి, తేమ కొలిచి, గ్రేడును బట్టి లెక్క రాస్తే మంచి గింజకు మంచి ధరే వస్తుంది. వెంటనే డబ్బు కావాలన్నది అన్నిటికన్నా న్యాయమైన అభ్యంతరం. బస్తాలు గోదాములో దించిన రోజే విలువలో మూడొంతులదాకా తాకట్టు రుణంగా చేతికి అందకపోతే ఏ సంఘమూ నిలవదు. మార్కెట్ కమిటీల ద్వారా అలాంటి రుణం ఇచ్చే పథకం ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి ఉంది. దాన్ని మెట్ట పంటల రైతుకు అందేలా నడపడమే కావాలి.

సంఘాలు పెద్దల చేతుల్లో పడతాయన్న భయం మాత్రం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. సహకార సంఘాలు రాజకీయ పదవుల మెట్లుగా మారిన ఊళ్లు తక్కువేమీ కాదు. రాష్ట్రంలో ప్రాథమిక సంఘాల పాలకవర్గాలు 2020 ఫిబ్రవరిలో ఎన్నికయ్యాయి. 2025 ఫిబ్రవరిలో ఐదేళ్ల గడువు ముగిస్తే, ఎన్నికలు పెట్టకుండా పదవీకాలం పొడిగించారు. సభ్యులు ఓటేసి దించలేని పాలకవర్గాన్ని నమ్మి పంట అప్పగించమని రైతుకు ఎవరు చెప్పగలరు? ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యుల పొదుపుతో నడిచే సంఘాలకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వీలిచ్చింది. కంది రైతుల సంఘాలు ఆ చట్టం కింద ఏర్పడాలి. అమ్మిన ప్రతి లాట్ ధర ఊరి బోర్డు మీద రాయాలి. పాస్‌బుక్కు లేని కౌలు రైతులకు, భర్త పేరు మీద భూమి ఉన్నా సేద్యమంతా తామే చేసే మహిళలకు సభ్యత్వం ఉండాలి.

కంది దిగుమతికి 2021 మే నుంచి కేంద్రం తలుపులు బార్లా తెరిచింది. సుంకం లేని గడువును మళ్లీ మళ్లీ పొడిగించింది. మొజాంబిక్, మయన్మార్, టాంజానియాల నుంచి లక్షల టన్నులు ఓడల్లో దిగుతుంటే, దానిపై గొంతెత్తడానికి గాని, మిల్లుల సంఘాలతో సమానంగా ఢిల్లీలో కూర్చుని మాట్లాడటానికి గాని విడివిడిగా అమ్ముకునే రైతుకు చోటే లేదు. రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పనులు మూడు. ప్రాథమిక సంఘాలకు వెంటనే ఎన్నికలు జరపాలి. నారాయణఖేడ్ యార్డులో శుభ్రపరిచే యంత్రాలు, తేమ కొలిచే పరికరాలతో రైతు సంఘాలకు గోదాము కేటాయించాలి. వచ్చే వానాకాలం విత్తనాలు పడేలోపు తాకట్టు రుణానికి నిధులు విడుదల చేయాలి. బేరం సంగతి రైతులు చూసుకుంటారు.