సిద్ధాంతం తేలకుండా పేటెంటు ఇవ్వవచ్చా?

విశాఖపట్నం వన్ టౌన్‌లో ఉండే పిల్లలకు ఓడల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. రేవు వాళ్ళ ఇళ్ళ పక్కనే ఉంది. ఆ రేవు 1933లో తెరిచినప్పుడు మొట్టమొదట లోపలికి వచ్చినది 'జలదుర్గ' అనే ఆవిరి ఓడ. ఆవిరియంత్రం పేరెత్తితే జేమ్స్ వాట్ గుర్తుకు వస్తాడు కదా! తాను చేసిన ముఖ్యమైన మార్పుకు ఆయన 1769లో పేటెంటు తీసుకున్నాడు. వేడి అంటే ఏమిటో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. అదొక కంటికి కనిపించని ద్రవమనీ, వేడి వస్తువు నుంచి చల్లని వస్తువులోకి పారుతుందనీ చాలామంది నమ్మేవారు. ఆవిరియంత్రం నుంచి ఎంత పని రాబట్టవచ్చునన్న లెక్కకు పునాది వేసిన సాడీ కార్నో పుస్తకం 1824లో గాని రాలేదు. యంత్రం ముందు, సిద్ధాంతం యాభై అయిదేళ్ళు వెనక!

మరి వాట్‌కు పేటెంటు ఇచ్చినవాళ్ళు పొరపాటు చేశారా? చేయలేదు. ఆ యంత్రం గనుల్లోంచి నీళ్ళు తోడింది. అంతకు ముందువాటికంటే చాలా తక్కువ బొగ్గు తిన్నది. అది ఎవరైనా వెళ్ళి చూడగలిగిన నిజం. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ సంగతీ ఇంతే. దానికి అమెరికాలో 1900లో పేటెంటు వచ్చింది. అది నొప్పిని ఎలా తగ్గిస్తుందో జాన్ వేన్ 1971లో చెప్పాడు. అప్పటిదాకా తలనొప్పులు ఆగలేదు, మాత్రలూ ఆగలేదు.

ఇదంతా ఎందుకంటే, 'శీతల సంలీనం' యంత్రానికి సిద్ధాంతం లేదు గనుక పేటెంటు ఇవ్వరాదని వాదించేవాళ్ళున్నారు. ఇవ్వరాదన్న మాట సరే. చెప్పే కారణమే నాకు నచ్చదు.

అసలు కథ ఇది. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పత్రికలవాళ్ళను పిలిచి ఒక వింత చెప్పారు. గాజుపాత్రలో భారజలం పోశారట. అందులో పల్లేడియం కడ్డీ, ప్లాటినం తీగ ఉంచి కరెంటు పంపారట. పంపిన దానికంటే ఎక్కువ శక్తి వేడిగా బయటికి వచ్చిందట! భారజలం మనకు కొత్తదేమీ కాదు, గోదావరి దగ్గర మణుగూరులో దాన్ని తయారుచేసే కర్మాగారమే ఉంది. ఆ నీటిలోని ఉదజని మామూలు ఉదజనికి రెట్టింపు బరువుంటుంది. పల్లేడియం లోహం ఉదజనిని ఇసుక నీళ్ళు పీల్చినట్టు పీల్చుకుంటుంది. అలా లోపల కిక్కిరిసిన పరమాణువుల కేంద్రకాలు రెండేసి కలిసిపోయి శక్తినిస్తున్నాయని వారి వాదన. సూర్యుడి నడిబొడ్డున కేంద్రకాలు కలవడానికి కోటిన్నర డిగ్రీల వేడి ఉంది. వీళ్ళది గది వేడి!

వెంటనే భౌతిక శాస్త్రజ్ఞులు ఒక ప్రశ్న వేశారు. ఈ రకం కలయికలో న్యూట్రాన్లు పుట్టాలి. ఒక్క వాట్ వేడి, అంటే టార్చిలైటు బల్బుకు సరిపోయేంత, రావాలంటే సెకనుకు దాదాపు లక్ష కోట్ల న్యూట్రాన్లు బయటికి రావాలి. ఆ పాత్ర పక్కన గంటసేపు నిలబడ్డ మనిషి బతకడం కష్టం. ఆ ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు!

అయినా ఈ ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. మనకు తెలియని కొత్త రకం చర్య ఏదో ఉందనే అనుకోండి. అప్పుడు చూడవలసింది ఒక్కటే: ఇంకొకరు చేస్తే ఆ వేడి వస్తుందా? ఇది చెప్పినంత తేలిక కాదు. పాత్రలో నీరు సరిగా కలియకపోతే ఉష్ణమాపకం పెట్టిన చోట ఒకలా, దూరంగా ఇంకోలా ఉంటుంది. బుడగలై పైకి పోయే వాయువులు కొంత శక్తిని మోసుకుపోతాయి. అవి లోపలే మళ్ళీ కలిస్తే ఆ శక్తి వేడిగా తిరిగివస్తుంది. ఈ జమాఖర్చులో చిన్న తేడా వచ్చినా రూపాయి పెడితే రూపాయి పావలా వచ్చినట్టు కనిపిస్తుంది. ఎన్నో ప్రయోగశాలలు ప్రయత్నించాయి. కొందరికి వచ్చిందన్నారు, ఎక్కువమందికి రాలేదు. వచ్చినవాళ్ళకూ కోరినప్పుడల్లా రాలేదు.

పేటెంటు అంటే ఒక బేరం. నీ రహస్యం విప్పి రాయి, దానికి బదులుగా కొన్నేళ్ళు, నేడు మన దేశంలో ఇరవై ఏళ్ళు, దానిమీద హక్కు నీకే అంటుంది ప్రభుత్వం. ఆవకాయ పెట్టే పద్ధతి రాసి ఇచ్చారనుకోండి. దాని ప్రకారం పది ఇళ్ళలో పెడితే రెండు జాడీలు బాగుండి ఎనిమిది బూజు పట్టాయి. ఆ రెండూ ఎందుకు బాగున్నాయో రాసినావిడకే తెలియదు. అప్పుడు ప్రభుత్వానికి అందిన రహస్యమేమిటి? ఆవపిండి ఘాటుకు రసాయన కారణం చెప్పమని ఎవరూ అడగరు. జాడీ నిలవుండాలి, అంతే! 2000లో అమెరికాలో ఒక అప్పీలు కోర్టు శీతల సంలీనం దరఖాస్తును తోసిపుచ్చినప్పుడు కూడా ఆ పరికరం చెప్పినట్టు పనిచేస్తుందని చూపలేదన్నదే కారణం.

రెండో వైపు కూడా చూడండి. ఇటలీకి చెందిన ఆండ్రియా రోస్సీకి 2015 ఆగస్టు 25న అమెరికాలో ఒక పేటెంటు దొరికింది. ఆ కాగితాల్లో సంలీనం ఊసే లేదు! నికెల్ పొడి, లిథియం కలిపి ద్రవాన్ని వేడిచేసే సాధనం అని రాసి ఉంది. పేటెంటు రాగానే శీతల సంలీనం రుజువైపోయిందని సంబరపడ్డవాళ్ళున్నారు. రిజిస్ట్రారాఫీసులో పొలం దస్తావేజు రాయించుకున్నంత మాత్రాన ఆ పొలంలో బావి తవ్వితే నీళ్ళు పడతాయా? రోస్సీకి అంతకుముందే కోటి డాలర్లకు పైగా చెల్లించిన కంపెనీకీ ఆయనకూ మధ్య వ్యాజ్యం నడిచి 2017లో రాజీతో ముగిసింది. ఆ యంత్రం మాత్రం ఇప్పటికీ ఏ ఊరికీ దీపం వెలిగించలేదు.

మన దేశపు 1970 పేటెంట్ల చట్టంలో ఒక మంచి మాట ఉంది: బాగా స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన దానికి పేటెంటు లేదు. ఇంధనం లేకుండా ఎల్లకాలం తిరిగే చక్రాన్ని దీనితో గుమ్మంలోనే ఆపవచ్చు. శీతల సంలీనాన్ని కూడా ఇదే కర్రతో కొట్టడం నాకు సమ్మతం కాదు. కేంద్రకాలు కలవడం ప్రకృతి విరుద్ధం కాదు, గది వేడిలో అంత జోరుగా కలవడమే నమ్మశక్యం కానిది. పరికరం తెమ్మనాలి, దానితో సంబంధం లేనివారి చేత కొలిపించాలి.

ఇక్కడ మనవాళ్ళ కథ ఒకటుంది. యూటా వార్త వచ్చిన కొద్ది వారాల్లోనే, ఆనాటి బొంబాయిలోని భాభా అణు పరిశోధనా కేంద్రంలో పి. కె. అయ్యంగార్, ఎం. శ్రీనివాసన్ తదితరులు ప్రయోగాలు మొదలుపెట్టారు. న్యూట్రాన్లూ, ట్రిటియమూ కనిపించాయన్నారు. యూటాలో పేటెంటు దరఖాస్తుల బెంగతో వివరాలు బిగబట్టారు. కొలతలు సరిచూద్దామన్నవాళ్ళు పత్రికల్లో పడ్డ బొమ్మలు చూసి ఊహించుకోవలసి వచ్చింది. మన దేశంలో ఆనాటి చట్టం ప్రకారం అణుశక్తికి సంబంధించిన దేనికీ పేటెంటే ఇవ్వరు. దాచి లాభం లేదు. కారణం అదొక్కటేనని అనను గాని, మనవాళ్ళు 1989 డిసెంబరులోనే తమ ప్రయోగాలన్నిటినీ ఒక నివేదికగా అచ్చువేశారు. మామూలుగా దాదాపు సమానంగా రావలసిన న్యూట్రాన్లకంటే ట్రిటియం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందన్న చిక్కు కూడా అందులోనే ఉంది. 1990 తర్వాత కొన్నేళ్ళకు అక్కడ ఆ పని ఆగిపోయింది. ఆ అంకెలు మాత్రం ఎవరైనా తీసి చూసుకోవడానికి ఇప్పటికీ ఉన్నాయి.