తప్పు ఫోన్‌ది కాదు, హాజరు యాప్‌ది

దుబాయ్ క్యాంపుల కొత్త ఫోన్ కొన్న ప్రతోడూ ఒకటే మాట: "బ్యాటరీ ఆగుతలేదు, షాపోడు మోసం చేసిండు." షాపోణ్ని తిట్టే ముందు సెట్టింగ్స్‌ల బ్యాటరీ తెరిచి, ఏ యాప్ ఎంత తింటుందో చూడండి.

మొదటి రెండు మూడు రోజులు పాత ఫోటోలు, యాప్‌లు దించుకుంటూ కొత్త ఫోన్ ఎక్కువే తింటది. అది మామూలే. తర్వాత కూడా దిగుతుంటే లిస్టుల పైన ఎవరున్నరో చూడాలె. మా రూముల అందరికీ పైనున్నది కంపెనీ హాజరు యాప్. లొకేషన్ "ఎప్పుడూ" అని పెట్టించిన్రు. డ్యూటీ దిగినా, పడుకున్నా మన వెంటే ఉంటది.

"హాజరు పడాలంటే తప్పదు" అంటరు. ఎందుకు తప్పదు? పంచ్ కొట్టే నిమిషంల ఎక్కడున్నమో తెలిస్తే చాలదా? "యాప్ వాడేటప్పుడే" అనే ఆప్షన్ ఉన్నది అందుకే కదా!

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండల పని వద్దని ఇక్కడి సర్కారు రూలు. జేబుల ఫోన్‌కు ఏ రూలూ లేదు. 35 డిగ్రీలు దాటిన వేడిల వాడొద్దని యాపిల్ కంపెనే చెప్తది. ఆ వేడిల రోజంతా జీపీఎస్ నడిస్తే బ్యాటరీ బలం తగ్గుతది, మళ్ల రాదు.

ఫోన్ మనది, డబ్బులు మనవి, నిఘా వాళ్లది. రాత్రి ఇంటికి ఫోన్ చేద్దామంటే చార్జింగ్ ఉండదు. అంత అవసరమైతే గేటుకాడ వేలిముద్ర మిషన్ పెట్టాలె, లేదంటే కంపెనీయే ఫోన్ ఇయ్యాలె. బ్యాటరీ పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. ఒక్కడు కాదు, రూమంతా కలిసి అడుగుదాం.