జీమెయిల్‌కి పాస్‌వర్డ్ గట్టిగానే పెట్టారా? మరి అందులో రికవరీ నెంబర్ ఎవరిది? హ్యాకర్లు వచ్చే దారి ఇదే..

వీధి తలుపుకి పెద్ద తాళం వేసి, పెరటి తలుపు గడియ పెట్టడం మర్చిపోతే ఎలా ఉంటుంది? ఈమెయిల్ విషయంలో మనలో చాలామంది చేస్తున్నది అదే. పాస్‌వర్డ్ స్ట్రాంగ్‌గా పెట్టుకున్నాం, ఇక ఎవడూ ఏం చేయలేడు అనుకుంటాం. కానీ లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ బాక్స్ దగ్గరే ఇంకో లైన్ ఉంటుంది. 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' అని. పాస్‌వర్డ్ తెలియకపోయినా లోపలికి రావడానికి కంపెనీయే పెట్టిన దారి అది. పెట్టింది మీ కోసమే. మరి ఆ దారిలో కాపలా ఉన్న ఫోన్ నెంబర్ మీదేనా?

మెయిల్‌లో ఏముందిలే అనుకోవద్దు..

'నా మెయిల్‌లో ఏముంది, ఆఫర్లు తప్ప' అని చాలామంది లైట్ తీసుకుంటారు. ఒకసారి సెర్చ్ బాక్స్‌లో 'ఆధార్' అనో, 'స్టేట్‌మెంట్' అనో ఇంగ్లీషులో కొట్టి చూడండి. ఎప్పుడో ఎవరికో పంపిన ఆధార్ కాపీ, పాన్ కార్డు ఫొటో, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి అగ్రిమెంట్.. అన్నీ వరుసగా బయటికొస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్ వాడేవాళ్లకైతే అదే జీమెయిల్ కింద ఫొటోలు, కాంటాక్టులు కూడా ఉంటాయి. అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకోటుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, షాపింగ్ యాప్.. దేని పాస్‌వర్డ్ మర్చిపోయినా రీసెట్ లింక్ వచ్చేది మెయిల్‌కే. అంటే మెయిల్ ఒక్క గది తాళం కాదు, ఇంటి తాళాల గుత్తి మొత్తం.

పాస్‌వర్డ్ తెలియకుండానే హ్యాక్ చేశారు

2008 సెప్టెంబర్. అమెరికాలో ఎన్నికల హడావుడి. రిపబ్లికన్ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పాలిన్ యాహూ మెయిల్ హ్యాక్ అయింది. చేసింది విదేశీ గూఢచారులు కాదు, టెన్నెసీకి చెందిన 20 ఏళ్ల కాలేజీ కుర్రాడు. అతను పాస్‌వర్డ్ జోలికే వెళ్లలేదు. 'మర్చిపోయాను' అని నొక్కాడు. పుట్టిన తేదీ, పిన్ కోడ్, భర్తను మొదట ఎక్కడ కలిశారు.. ఇవే ప్రశ్నలు. పేరున్న నాయకురాలు కాబట్టి జవాబులన్నీ ఇంటర్నెట్‌లోనే దొరికాయి. లోపలికి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టేశాడు. తర్వాత దొరికిపోయి జైలు శిక్ష పడింది, అది వేరే సంగతి.

నాలుగేళ్ల తర్వాత, 2012 ఆగస్టులో ఇంకో కేసు. ఈసారి బాధితుడు 'వైర్డ్' మ్యాగజైన్‌లో టెక్నాలజీ మీద రాసే జర్నలిస్ట్ మ్యాట్ హోనన్. హ్యాకర్లు మొదట అమెజాన్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మాయమాటలు చెప్పి ఆయన అకౌంట్‌లోకి దూరారు. అక్కడ క్రెడిట్ కార్డు చివరి నాలుగు అంకెలు కనిపించాయి. అడ్రస్, ఆ నాలుగు అంకెలు చెబితే ఆపిల్ సపోర్ట్ వాళ్లు తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చేశారు. ఆయన జీమెయిల్‌కి రికవరీ మెయిల్‌గా ఉన్నది ఆ ఆపిల్ మెయిలే! అంతే.. జీమెయిల్ డిలీట్, ట్విట్టర్ వాళ్ల చేతిలో, ఐఫోన్, ఐప్యాడ్, ల్యాప్‌టాప్ మొత్తం ఖాళీ. కూతురి చిన్ననాటి ఫొటోలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. వాటిలో చాలా వరకు తిరిగి తెచ్చుకోవడానికి నిపుణుల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

రెండు కేసుల్లోనూ ఎవరూ పాస్‌వర్డ్‌ని బద్దలు కొట్టలేదు. పెరటి తలుపులోంచే వచ్చారు.

మరి మన దగ్గర?

ఎంసెట్ అప్లికేషన్ పెట్టడానికి నెట్ సెంటర్‌కి వెళ్లిన రోజు గుర్తుందా? 'మెయిల్ ఐడీ ఉందా తమ్ముడూ?' 'లేదన్నా.' 'సరే, క్రియేట్ చేస్తున్నా.' రెండు నిమిషాల్లో పని అయిపోయింది. పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. పాస్‌వర్డ్ కూడా పేరే, చివర 123. కోడ్ రావాలంటే ఫోన్ నెంబర్ కావాలి. మన దగ్గర అప్పటికి ఫోన్ లేదు, నాన్నేమో ఊళ్లో ఉన్నాడు. నెట్ సెంటర్ అన్న తన నెంబరే కొట్టేశాడు. వెనకాల ఇరవై మంది లైన్లో ఉన్నారు మరి.

అందులో ఆయన దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఎంసెట్ కోసం పుట్టిన ఆ మెయిల్‌తోనే తర్వాత కాలేజీ, ఉద్యోగం, పీఎఫ్, బ్యాంకు, పాస్‌పోర్టు అన్నీ నడిచాయి. పాస్‌వర్డ్ మార్చుకున్నాం, రికవరీ నెంబర్ మాత్రం అలాగే ఉండిపోయింది.

రెండోది పాత సిమ్ సమస్య. మనం ఆఫర్ బాగుందని సిమ్ మారుస్తాం, పాతది రీఛార్జ్ చేయకుండా వదిలేస్తాం. ఆపేసిన నెంబర్‌ని కనీసం 90 రోజుల పాటు ఎవరికీ ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టుకి ట్రాయ్ చెప్పింది. అంటే ఆ తర్వాత ఇవ్వొచ్చు. అప్పుడు మీ పేరు మీద వచ్చే కోడ్ ఎవరో కొత్త మనిషి ఫోన్‌లో మోగుతుంది. నెంబర్ ఒక్కటి ఉంటే అకౌంట్ వెంటనే వాళ్లదైపోతుందని కాదు, గూగుల్ ఏ ఫోన్ నుంచి, ఏ ఊరి నుంచి అడుగుతున్నారో కూడా చూస్తుంది. కానీ సగం దారి వాళ్లకి మనమే ఇచ్చినట్టు. పైగా రేపు మనకే అకౌంట్ తెరుచుకోకపోతే, వెనక్కి తెచ్చుకునే దారి మూసుకుపోయినట్టే.

ఇది రాసే ముందు ఇంట్లో మా నాన్న ఫోన్ తీసి చూశా. రికవరీ ఫోన్ దగ్గర కనిపించింది ఎప్పుడో నాలుగేళ్ల కిందట పడేసిన సిమ్ నెంబర్. ఆయన పెన్షన్ కాగితాలన్నీ ఆ మెయిల్‌లోనే ఉన్నాయి.

రెండో తాళం ఎంత పనిచేస్తుంది?

పాస్‌వర్డ్ తర్వాత ఇంకో చెక్ ఉండటాన్నే టూ స్టెప్ వెరిఫికేషన్ అంటారు. 2019లో గూగుల్ బయటపెట్టిన పరిశోధన ప్రకారం, ఎస్సెమ్మెస్ కోడ్ ఉంటే ఆటోమేటిక్ బాట్ దాడులు 100 శాతం, గంపగుత్తగా పంపే ఫిషింగ్ దాడులు 96 శాతం ఆగిపోయాయి. ప్రత్యేకంగా ఒక మనిషినే టార్గెట్ చేసే దాడుల్లో మాత్రం 76 శాతమే ఆగాయి. ఫోన్ స్క్రీన్ మీద 'ఇది మీరేనా?' అని వచ్చే ప్రాంప్ట్ అయితే ఆ మూడూ 100, 99, 90 శాతం.

మరి మిగతావి ఎలా జరుగుతున్నాయి? కోడ్‌ని మనమే చెప్పేస్తున్నాం. 'పొరపాటున మీ నెంబర్‌కి నా కోడ్ వచ్చింది, కాస్త చెప్పరా?' అని మెసేజ్ వస్తుంది. ఒక్కోసారి తెలిసినవాళ్ల వాట్సాప్ నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్లది అప్పటికే హ్యాక్ అయింది. మీ ఫోన్‌కి వచ్చిన కోడ్ ఎవరు అడిగినా చెప్పొద్దు.

ఇప్పుడే ఇవి చూసుకోండి

జీమెయిల్ యాప్‌లో పైన మీ ఫొటో మీద నొక్కండి. 'మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్'లోకి వెళ్లి సెక్యూరిటీ ట్యాబ్ ఓపెన్ చేయండి.

1. రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్: రెండూ ఇప్పుడు మీ చేతిలో ఉన్నవేనా? ఆ రికవరీ మెయిల్ ఇప్పటికీ తెరుచుకుంటోందా?

2. యువర్ డివైసెస్: అమ్మేసిన పాత ఫోన్, ఆఫీసు కంప్యూటర్, తెలియని ఊరు కనిపిస్తే వెంటనే సైన్ అవుట్ కొట్టండి.

3. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, బ్యాకప్ కోడ్‌లు పేపర్ మీద రాసి ఇంట్లో పెట్టండి. ఫోన్ పోయిన రోజు అవే దిక్కు.

4. మెయిల్ పాస్‌వర్డ్ ఇంకే యాప్‌కీ వాడొద్దు. వేలిముద్రతో తెరుచుకునే పాస్‌కీ 2023 నుంచి గూగుల్ అకౌంట్లకి అందుబాటులో ఉంది. దాన్ని నకిలీ సైట్‌లో టైప్ చేసే పనే ఉండదు కాబట్టి ఇంకా మంచిది.

ఒకవేళ హ్యాక్ అయిపోతే?

పాస్‌వర్డ్ మార్చేసి హమ్మయ్య అనుకోవద్దు. మీ మెయిల్స్ కాపీ తనకి వెళ్లేలా హ్యాకర్ ఫార్వర్డింగ్ పెట్టి ఉండొచ్చు, బ్యాంకు అలర్ట్‌లు మీకు కనిపించకుండా ఫిల్టర్ పెట్టి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మార్చినా ఇవి పోవు. మొబైల్ యాప్‌లో కనిపించవు కూడా. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ ఓపెన్ చేసి చూడాల్సిందే.

రికవరీ నెంబర్ హ్యాకర్ మార్చేసినా కంగారు పడొద్దు, అలాగని ఆలస్యమూ చేయొద్దు. పాత నెంబర్‌తో అకౌంట్ తిరిగి తెచ్చుకోవడానికి గూగుల్ 7 రోజుల గడువు ఇస్తుంది. అది కూడా ఆ పాత నెంబర్ నిజంగా మీ దగ్గర ఉంటేనే!

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. వేరేవాళ్ల పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

మీది చూసుకున్నాక ఫోన్ పక్కన పెట్టేయకండి. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్ కూడా ఒకసారి తీసి చూడండి. ఆ మెయిల్ ఎవరు క్రియేట్ చేశారో, ఏ నెంబర్ ఇచ్చారో వాళ్లకి గుర్తుండకపోవచ్చు. అడిగితే ఐదు నిమిషాల పని.