తోట తీసేస్తే ఎలుకలు పోతాయా?

వార్షికోత్సవ సంచిక అనగానే అందరం చదువు గురించో, క్రమశిక్షణ గురించో, అంబేద్కర్ మహాశయుని గురించో రాస్తాం. రాయాల్సిందే. ఈసారి మేము మాత్రం ఎలుకల గురించి రాస్తున్నాం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ట్రంకుపెట్టె మీద ఆరేసిన యూనిఫాం చొక్కాకు తెల్లారేసరికి చిల్లు పడితే ఏడుపొస్తుంది గానీ నవ్వు రాదు.

విషయం ఏమంటే, వంటగది వెనకాల మనమంతా కలిసి పెంచుకుంటున్న కూరగాయల తోటలో పందికొక్కులు చేరాయి. వంగమొక్కల మొదళ్ల దగ్గర బొరియలు, వాటి పక్కన కుప్పపోసిన కొత్తమన్ను. దోరగా పండిన టమేటాలను సగం కొరికి వదిలేస్తున్నాయి. దీనికి రెండు ఉపాయాలు వినిపిస్తున్నాయి. తోట తీసేసి బండలు పరిచేద్దామనేది ఒకటి. అంగట్లో ఎలుకల మందు తెచ్చి గట్ల వెంబడి పెడదామనేది రెండోది. రెండూ వద్దని మా అభిప్రాయం.

ఎలుకకు కావలసినవి గింజ, నీళ్లు, దాక్కునే చోటు. మన తోటలో దానికి దొరికేది ముఖ్యంగా దాక్కునే చోటు. అసలు తిండి పళ్లేలు కడిగే తొట్టి దగ్గర పడే మెతుకుల్లోనూ, నేలమీద గోడకు ఆనించిన బియ్యం మూటల్లోనూ ఉంటుంది. వందమంది తిని లేచే ఏ చోటైనా ఇంతే. తోట తీసేస్తే బొరియ చోటు మారుతుందంతే. వంటగది పునాది కిందికి, అక్కడినుంచి మనం పడుకునే గదుల్లోకి వస్తుంది. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసిబిడ్డ చనిపోయిన వార్త పెద్దవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ బిడ్డ ఉన్నది తోటలో కాదు, ఆసుపత్రిలో. పైగా ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. జెర్రిపోతు అయితే దాని దారిన అది పోతుంది. నాగుపాము వస్తే చాపమీద పడుకున్న తమ్ముళ్ల గతేమిటి?

ఇక తోట విలువ. వాన కోసం మొగులు వైపు చూసే సీమలో, స్నానాల నీళ్లు మళ్లించి మునగ, గోంగూర, వంగ, కరివేపాకు పండిస్తున్నాం. మన పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో, మనుషులకూ పశువులకూ పనికొచ్చే మూలికలు, పండ్ల చెట్లు లేనిచోట తెప్పించి నాటించానన్న సంగతి ఉంది. మన వాళ్లు తొలకరి పడితే జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి పోతారు గానీ ఆ బండలు చూడటానికి పోయేవాళ్లు తక్కువ!

రెండో ఉపాయం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పొలంలో రైతు జింకు ఫాస్ఫైడో, బ్రోమోడయోలోనో నూకల్లో కలిపి బొరియలో పెట్టి మూయడం వేరు. పిల్లలుండే హాస్టల్లో పెట్టడం వేరు. ఆరో తరగతి పిల్లవాడు కింద పడిందేదైనా తీసి చూస్తాడు. జింకు ఫాస్ఫైడుకు విరుగుడు మందు లేదు. పసుపు భాస్వరంతో చేసే ఎలుకల పేస్టు ఇంకా మోసకారి. తిన్నవాడికి ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టే ఉండి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఎవరైనా పొరపాటున నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే బాగానే ఉన్నాడు కదా అనుకోకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. మార్కులు తగ్గాయనో, ఇంటి దగ్గర కష్టమొచ్చిందనో మనసు కుంగిన పిల్లవాడు మనలో ఎప్పుడూ ఒకడుంటాడు. వాడి చేయి అందే దూరంలో విషం ఉండకూడదు. వాడి పక్కన కూర్చుని మాట్లాడే అన్న ఉండాలి. ఎలుకలు పది మిగిలినా పరవాలేదు, ఈ విషయంలో మేము తగ్గం.

మరి ఏం చేయాలి? ముందు ఏ బొరియలో ఎలుక ఉందో తెలుసుకోవాలి. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసేసి పొద్దున చూస్తే, తిరిగి తెరుచుకున్నవే ఎలుకలున్నవి. బోను అక్కడ పెట్టాలి. తెచ్చిన రోజే బిగిస్తే లాభం లేదు. ఎలుక కొత్త వస్తువును నమ్మదు. రెండు మూడు రాత్రులు తలుపు బిగించకుండా వేయించిన శనగవిత్తనాలో ఎండుకొబ్బరో పెట్టి అలవాటు చేసి, ఆ తర్వాత బిగించాలి. బోను తీసే పని పెద్దవాళ్లదే, పిల్లలు చేయి పెట్టకూడదు. తోటలోకి చెప్పులు లేకుండా పోవద్దు. ఎలుక మూత్రం కలిసిన తడిమట్టి కాలి పుండుకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. చుంచును మాత్రం చంపకండి. కంపు కొడుతుంది నిజమే, కానీ అది తినేది ఎక్కువగా బొద్దింకల్ని, పురుగుల్ని.

బోను ఒక్కటే చాలదు. పందికొక్కు ఒక ఈతలో ఆరేడు పిల్లల్ని పెడుతుంది. మనం పట్టేదానికన్నా అది పెట్టేదే ఎక్కువ. అందుకే తిండి బంద్ చేయాలి. మెతుకులకు మూత ఉన్న డ్రమ్ము కావాలి. వండిన అన్నం ఎరువు గుంతలో వేయకూడదు. బియ్యం మూటలు గోడకు దూరంగా బల్లమీద ఉండాలి. గోడ వెంబడి ఇటుకల కుప్ప, కంప, ఏపుగా పెరిగిన గడ్డి తీసేయాలి. న్యూయార్క్ మహానగరం 2023లో ఎలుకల కోసమే ఒక అధికారిణిని నియమించింది. అక్కడా పెద్దపని వీధిలో పెట్టే చెత్త సంచుల బదులు మూత డబ్బాలు తేవడమే. తోటలో వేరుశనగ వేద్దామని కొందరు తమ్ముళ్లు అడిగారు. తుగ్గలిలో పుట్టి శనక్కాయ వద్దనడం మాకూ కష్టమే గానీ, అది పందికొక్కులకు పెళ్లి భోజనం లాంటిది.

తోకకు రూపాయి ఇస్తే పిల్లలే పడతారని ఒకరన్నారు. 1902లో హనోయి నగరంలో ఫ్రెంచి దొరలు ఇదే చేశారు. జనం తోక కోసి ఎలుకను వదిలేశారు. కొందరు ఏకంగా ఎలుకల్ని పెంచారు. మనవాళ్లు హనోయి వాళ్లకు తీసిపోరు.

గోదావరి జిల్లాల వరిరైతులకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. ఒక్కడి పొలంలో పట్టిస్తే పక్క పొలంలోవి వచ్చి చేరతాయి. అందుకే ఊరంతా కలిసి ఒకేసారి దిగుతారు. మనమూ గోడ అవతలి ఇళ్లవాళ్లతో మాట్లాడి ఒకే వారంలో బోన్లు పెట్టాలి. వాళ్ల గడ్డివాములో ఎలుకలుండగా మన తోట ఒక్కటే బాగుపడదు.

చివరిగా పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. సభలో మాకు శాలువలు, జ్ఞాపికలు వద్దు. ఎలుక దూరడానికి అర అంగుళం సందు చాలు. స్టోరు తలుపు కింద అంతకన్నా ఎక్కువే ఉంది. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో రేకుల పని చేసే అన్నలుంటే తలుపుకు అడుగు ఎత్తున రేకు కొట్టించండి. మూత ఉన్న డ్రమ్ములు రెండు, బోన్లు నాలుగు ఇప్పించండి. తలుపు కొలత మేము తీసి ఉంచాం.