పీణ్యలో దీపము క్రింది చీకటి

రాత్రి తొమ్మిది గంటల వేళ బెంగుళూరు తుముకూరు రోడ్డు మీదుగా ప్రయాణము చేయువారికి వెలుగునకు లోటు కనబడదు. కల్యాణ మండపములు, కార్ల దుకాణములు, కంపెనీల అద్దపు గోడలు ఊదా, నీలి, ఆకుపచ్చ రంగులలో తడిసి మెరయుచుండును. రోడ్డు దిగి పీణ్య పారిశ్రామిక వాడ సందులలోనికి తిరిగినచో షెడ్డు గుమ్మము పైనుండి ఒక తెల్లని ఫ్లడ్ లైటు వచ్చువాని కన్నులలోనికి సూటిగా కొట్టుచుండును. ఆ మిరుమిట్లకు చేయి అడ్డము పెట్టుకొని లోనికి తొంగి చూచినచో, మరపై వంగిన కార్మికుని చేతుల మీద అతని తల నీడయే పరచుకొని యుండును. దీపము క్రింద చీకటి యని మన పెద్దలు ప్రమిదను చూచి అన్నారు. ప్రమిద క్రింది చీకటి తప్పించుకొనరానిది. పీణ్య చీకటి అట్టిది కాదని, అది లెక్క కట్టి, బిల్లు చెల్లించి మనము కొని తెచ్చుకొన్న చీకటియని మేము వాదింపబూనినాము.

సాంస్కృతిక సంచికలో దీపముల గొడవ యేలయని కొందఱు చదువరులకు తోచవచ్చును. వెలుగును ఇంటితోపాటు కట్టుట యనునది మన సంస్కృతిలోనిదే కదా! మండువా లోగిలి కట్టిన మేస్త్రీ ఏ గదికి ఎంత పగటి వెలుగు చేరవలెనో ముందే యెఱిగి కట్టెను. గోడలో గూడు పెట్టినవాడు మంట నేరుగా కంటికి తగులకుండ, దాని వెలుగు మాత్రము గోడపై ప్రాకునట్లు పెట్టెను. సెమ్మె యెత్తు కూర్చున్న మనిషిని బట్టి యుండెడిది. కటిక బీదయింటి బుడ్డి దీపము సైతము పుస్తకము ఉన్నచోటికి జరిగెడిది. నేడు దీపము జరుగదు, మనిషి జరుగవలెను. గోడలు లేచి, పైకప్పు వేసి, సున్నము కొట్టిన పిమ్మట, "ఇక లైట్ల సంగతి చూడవయ్యా" యని ఎలక్ట్రీషియనుకు అప్పగించుటయే నేటి ఆచారము.

ఈ రాష్ట్రములో విద్యుత్తు చరిత్ర పనితోనే ఆరంభమైనది. శివనసముద్రము జలపాతమున పుట్టిన కరెంటు 1902లో మొట్టమొదట కోలారు బంగారు గనుల యంత్రములకు పోయినది. మన తెలుగువారెందఱో చెమటోడ్చిన గనులవి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది ఆ తరువాత, 1905లో. ముందు పని, పిదప వీధి. ఇక పీణ్య మాటకు వత్తుము. 1975 ఏప్రిల్ 19న అంతరిక్షమునకు ఎగసిన మన తొలి ఉపగ్రహము ఆర్యభట్ట తయారైనది పీణ్యలోని పారిశ్రామిక షెడ్లలోనే. షెడ్డు కదా, చూపు ఎట్లున్ననేమి యని పెదవి విఱుచువారు ఈ సంగతి నొకసారి స్మరింతురు గాక. సన్నని కొలతల పని నేటికిని ఈ వాడకు ప్రాణము. వేలకొలది చిన్న కార్ఖానాలలో అనంతపురము, చిత్తూరు, కోలారు సీమలనుండి వచ్చిన మనవారు లేతుల మీద, మిల్లింగు మరల మీద మిల్లీమీటరులో నూఱవ వంతును వెదకుచు దినములు గడుపుచున్నారు. వారి పెట్టుబడి కన్ను.

ఎల్.ఇ.డి. దీపమును మేము నిందించుట లేదు. నీలపు ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురలకు 2014లో నోబెలు బహుమానము వచ్చుట అక్షరాల న్యాయము. పాత తీగె బల్బు ఒక్కొక్క వాటునకు సుమారు 12 ల్యూమెనుల వెలుగు నిచ్చెడిది. నేటి మంచి ఎల్.ఇ.డి. నూఱు దాటి ఇచ్చును. 2015 జనవరిలో ఆరంభమైన ఉజాలా పథకము క్రింద దేశములో 36 కోట్లకు పైగా బల్బులు పంచినారు. ఆ పథకమునకై 2014లో 310 రూపాయలకు కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును చీకటి చేసినపుడు, ఆ నగరము తన వీధిదీపములను వేలకొలదిగ ఎల్.ఇ.డి.లుగా మార్చుకొని లేచి నిలిచినది. ఇవి చిన్న విషయములు కావు.

మా తగవు దీపముతో కాదు, వాటుల లెక్కతో. కరెంటు మిగిలినది కనుక వెలుగు కుదిరినదని సంతకము చేయుచున్న యజమానులతో, కాంట్రాక్టరులతో, ఆర్కిటెక్టులతో. ఇంధన పొదుపు భవన స్మృతి 2007లో వచ్చినది, 2017లో సవరింపబడినది. చదరపు మీటరునకు ఇన్ని వాటులు మించరాదని అది హద్దు గీసినది. మంచిదే. మించరాదను హద్దును మీటరు చూచి సరిచూచుకొను యజమాని, తగ్గరాదను హద్దు ఒకటున్నదని మఱచుచున్నాడు. 0.1 మిల్లీమీటరు కన్న సన్నని కొలత గల మరపనికి 500 లక్సుల వెలుగుండవలెనని ఐరోపావారి ఇ.ఎన్. 12464 ప్రమాణము చెప్పుచున్నది. మన ప్రమాణముల సంస్థవారును 2010లో జాతీయ దీప స్మృతిని ప్రకటించినారు. ఆ గ్రంథము ఎన్ని కార్ఖానాల బీరువాలలో నున్నదో మేము అడుగము. లక్సు మీటరు ఎందఱి వద్ద నున్నదో మాత్రము అడుగుదుము. అది ఒక పూట భోజనాల ఖర్చుకు వచ్చు వస్తువు.

మేము ఒకటి పట్టుకొని ఒక షెడ్డులోనికి పోతిమి. పేరు చెప్పము, అట్టివి పెక్కు. పాత ట్యూబులైట్లు తీసివేసి, ఇరువది యడుగుల యెత్తున హైబే దీపములు వరుసగా వ్రేలాడదీసి, కరెంటు బిల్లు సగమైనదని యజమాని ఎంతయో సంతోషముతో చూపించెను. మంచి మనిషి, మాకు కాఫీ యిప్పించెను. నడిమి దారిలో నేల మీద మీటరు గొప్ప అంకెయే చూపెను. లేతు వద్దకు పోయి, కార్మికుడు నిలుచు తీరున వంగి, చక్కు దగ్గఱ పట్టినచో ఆ అంకె అయిదవ వంతునకు దిగెను. వెలుగంతయు దారికి, నీడంతయు పనికి! పాత ట్యూబులైట్లు అడ్డదిడ్డముగా నున్నను బారుగా, క్రిందుగా నుండెడివి. ఒకదాని నీడను మరొకటి చెరపెడిది. క్రొత్త దీపములు కొద్దియే, గట్టివి, ఎత్తైనవి. నీడను కత్తితో కోసినట్లు పడవేయును. ఆ లేతు మనిషికి యేబది యెనిమిదేండ్లు. ఇరువదేండ్లవాని కంటి లోపలికి చేరు వెలుగులో అరువదేండ్లవానికి చేరునది సుమారు మూడవ వంతే యని నేత్రశాస్త్రము చెప్పుచున్నది. "కుఱ్ఱవాండ్రకు కనబడుచున్నది కదండీ" యని యజమాని యనెను. కనబడకపోయినవాడు ఎవరితో చెప్పుకొనును? చెప్పినచో పని పోవునేమో!

1948 నాటి ఫాక్టరీల చట్టములో పదునేడవ సెక్షను వెలుగును గూర్చినదే. చాలినంత, తగినంత వెలుగుండవలెనని, కిటికీల అద్దములు, పైకప్పు అద్దములు శుభ్రముగా నుంచవలెనని, మిరుమిట్లు గాని, కంటికి శ్రమయు ప్రమాదమును కలిగించు నీడలు గాని ఉండరాదని అందు స్పష్టముగా వ్రాసిరి. ఆ చట్టమునకు బదులుగా పార్లమెంటు 2020లో వృత్తి భద్రతా స్మృతిని చేసినది. గ్రంథము మారవచ్చును, నీడ మారలేదు.

అంతకన్న భయంకరమైన మాట యొకటి కలదు. మన కరెంటు సెకనుకు 50 మారులు ఊగును. దానితో నడచు దీపము 100 మారులు హెచ్చి తగ్గును. కంటికి అది తెలియదు. పాత బల్బు తీగె కాగియుండుటచే వెలుగు పూర్తిగా పడిపోయెడిది కాదు. ట్యూబులోని పూత కొంత నిలువబెట్టెడిది. ఎల్.ఇ.డి.కి అట్టి నిదానము లేదు. దానికి కరెంటు నందించు డ్రైవరు నాసిరకమైనచో దీపము నిజముగా నూఱుమారులు ఆరి వెలుగును. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగు మూడు దవడల చక్కును అట్టి దీపము క్రింద చూడుడు. ఒక వెలుగునకు మరొక వెలుగునకు నడుమ అది సరిగా మూడవ వంతు తిరుగును. ఒక దవడ యున్నచోట మరొక దవడ వచ్చి నిలుచును. చక్కు కదలక ఆగియున్నట్లే కనబడును! ఆగినదనుకొని చేయి చాచినవాని గతి చెప్పనక్కరలేదు. దీనికి మందు పాతదే. పక్కపక్క దీపములను మూడు ఫేజులకు పంచుట, మంచి డ్రైవరు వేయుట, మరకొక చిన్న దీపము పెట్టుట. షెడ్డు లైట్లన్నియు ఒకే ఫేజుమీద లాగిన కాంట్రాక్టరు మిగుల్చుకొన్నది కొన్ని గజముల తీగె.

పెట్టె మీద "50,000 గంటలు" అని అచ్చు వేయుట యింకొక వేడుక. ఎల్.ఇ.డి. చిప్పును సాధారణముగా 6,000 గంటలు వెలిగించి, వెలుగు తరుగుదలను కొలిచి, మిగిలిన ఆయువును లెక్కతో ఊహింతురు. ఆ ఊహ పరీక్షా కాలమునకు ఆఱురెట్లు దాటరాదని అమెరికావారి పద్ధతియే నియమించినది. అనగా 6,000 గంటల పరీక్షకు 36,000. ఇదియు చిప్పు మాట. దీపము మాట కాదు. దీపము చచ్చునది ప్రాయికముగా డ్రైవరు వలన, అందులోని కెపాసిటరు వలన. పది డిగ్రీల వేడి హెచ్చినచో దాని ఆయువు సగమగును. రేకుల కప్పు క్రింద, గాలి మిక్కిలి వేడెక్కు చోటనే కదా దానిని వ్రేలాడదీసినాము! చచ్చిన పిదప విప్పి బాగుచేయుటకు వీలు లేకుండ మూసివేసిన పెట్టెలు నానాటికి ఎక్కువగుచున్నవి. రెండణాల భాగము చెడినచో దీపమంతయు చెత్తకు పోవును.

తెలివిగల దీపములని మరొక రకము వచ్చినది. మేము ఇటీవల అద్దెకు తీసికొన్న ఒక సభామందిరములో హరికథ జరుగుచుండగా దీపములన్నియు ఒక్కసారి ఆరిపోయినవి. కారణమేమనగా, కదలిక లేనిచో మనుష్యులు లేరని తలచు యంత్రమును పైకప్పున బిగించియుండిరి. శ్రోతలు భక్తితో కదలక కూర్చుండిరి. పిల్లలను లేపి అటునిటు పరుగెత్తించిన పిమ్మట వెలుగు వచ్చినది. హరిదాసుగారు దీనిని కథలో కలిపి నవ్వించిరి గాని, యంత్రము బిగించినవాడు ఆ గదిలో ఏమి జరుగునో అడుగలేదను మాట నవ్వునకు చాలినది కాదు.

ఇక అద్దాల మేడల అలంకారము. మైసూరు రాజభవనమును సుమారు లక్ష బల్బులతో అలంకరించుట లోకప్రసిద్ధము. అది ఆదివారములు, పండుగల సాయంకాలములందు కొంతసేపు వెలిగి ఆరును. ఆరుటచేతనే అది పండుగ. తుముకూరు రోడ్డు గోడలకు పండుగయు లేదు, నిద్రయు లేదు. చౌకయైనకొలది వాడుక పెరుగునని బొగ్గు విషయములో జెవన్సు 1865లోనే హెచ్చరించెను. దీపముల విషయమున అది కన్నులయెదుటనే రుజువైనది. రాత్రివేళ వెలుగు ఆక్రమించిన భూభాగము 2012 మొదలు 2016 వఱకు ఏటేట 2.2 శాతము పెరిగినదని ఉపగ్రహములు చూపినవి. మన హైదరాబాదు నిజామియా వేధశాల బేగంపేటలో నుండెడిది. నగరము చుట్టుముట్టగా పెద్ద దూరదర్శినిని 1968లో దూరముగా రంగాపురమునకు కొనిపోవలసి వచ్చినది. చుక్కలకైనను పాఱిపోవు దారి దొరికినది.

ఖర్చులు పెరుగునని మాకు ప్రత్యుత్తరము చెప్పుదురు. పైకప్పు అద్దములను కడిగించుటకు ఎంత ఖర్చు? పీణ్యలో పగలు పదకొండు గంటలకు బయట కన్నులు చెదరు ఎండ కాయుచుండగా, మసిపట్టిన రేకుల క్రింద దీపములు వెలిగించుకొని పని చేయుట మేము చూచినాము. క్రొత్తగా కట్టువారు ఉత్తరపు వెలుగు రంపపు కప్పును ఇంగ్లీషు పుస్తకములో చూచి అట్లే వేయకుందురు గాక. పదుమూడవ అక్షాంశము మీద ఏప్రిలు చివరి నుండి ఆగస్టు నడిమి వఱకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరముననే యుండును. అద్దమునకొక చిన్న చూరు కలుపవలెను. దీపముల పటము షెడ్డు పటముతోపాటే గీయింపుడు. మరలు ఎక్కడ నిలుచునో ముందు గుర్తించి పిదప దీపములను గుర్తింపుడు. ప్రతి మరకును 24 వోల్టుల దీపమొకటి వంగు మెడతో పెట్టింపుడు. ఈ సంచిక చదువువారిలో షెడ్లు గలవారు, కాంట్రాక్టులు చేయువారు ఉన్నారు కనుకనే ఇంత తెగించి వ్రాయుచున్నాము. గోడల మీది ఊదారంగునకు డబ్బు దొరికినవారికి మరమీది దీపమునకు దొరకలేదనుటను మేము నమ్మజాలము.

మేము చూచిన షెడ్డులోని ఆ లేతు మనిషి తన దీపమును తానే చేసికొన్నాడు. నూనె డబ్బాను సగము కోసి, అందొక బల్బు పెట్టి, కట్టుతీగెతో మర తలకు బిగించినాడు. వెలుగు సరిగా పనిముట్టు మొనమీద పడును, కంటికి తగులదు. ఆ డబ్బాకు వచ్చు కరెంటు 230 వోల్టులది. తీగె చుట్టు గుడ్డపేలిక. తనిఖీకి ఎవరైన వత్తురన్న దినమున యజమాని దానిని విప్పించును. మరునాడు ఉదయము షిఫ్టు గంట కొట్టకమునుపే అతడు దానిని మరల కట్టుకొనుచున్నాడు.